ఉరిమిన వాన, వెనకే ఎండ: నడుమ మనకు మిగిలేది రెండు రోజులే

మధ్యాహ్నం మూడు గంటల దాకా ఒంటి మీద చొక్కా నిలవనివ్వని ఉక్క. నాలుగు దాటేసరికి పడమటి దిక్కున నల్లటి మబ్బు ఒకటి గోపురంలా లేస్తుంది. చెట్టు మీద ఆకు కదలదు. గొడ్లు మోరలెత్తి చూస్తాయి. అంతలో చల్లటి గాలి ఒక్క విసురు విసురుతుంది. దాని వెనకే దుమ్ము, దుమ్ము వెనకే రూపాయి బిళ్లంత చినుకులు. పావుగంటలో అంతా అయిపోతుంది. తీరా మామిడి తోటలోకి వెళ్లి చూస్తే చెట్ల కింద నేల కనిపించదు, కాయే కనిపిస్తుంది.

నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం, మైలవరం, విస్సన్నపేట, తిరువూరు ప్రాంతాల్లో ఏ మామిడి రైతునైనా అడగండి. పూత నుంచి పిందె దాకా మందులు కొట్టి, నీళ్లు కట్టి కాపాడుకొచ్చిన తోట బతుకు ఆ పావుగంట చేతిలో ఉంటుంది. గాలికి రాలిన కాయకు పచ్చడి బేరం తప్ప ఇంకో బేరం లేదు. చెట్టు మీద ఉన్నప్పుడు టన్ను లెక్కన బేరమాడిన వ్యాపారే, కాయ నేల మీద పడ్డాక మొహం తిప్పుకుంటాడు.

పోనీ అది పోయిందిలే, చల్లబడింది కదా అనుకుంటే అదీ ఒక్క రోజు ముచ్చటే. రెండో రోజుకే మబ్బు విడిపోతుంది. మూడో రోజుకి ఎండ మొదటికంటే రెట్టింపు కోపంతో వస్తుంది.

ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు దాకా వాతావరణ కేంద్రం వారి ప్రకటన చాలాసార్లు ఇలా రెండు ముక్కలుగానే ఉంటుంది. మొదటి ముక్క: రాగల రెండు రోజులు ఉరుములు, మెరుపులతో వానలు, ఈదురుగాలులు. రెండో ముక్క: ఆ తరువాత పగటి ఉష్ణోగ్రతలు రెండు మూడు డిగ్రీలు పెరిగే అవకాశం. మనలో చాలామంది మొదటి ముక్క చెవిన పడగానే లేచి వెళ్లిపోతారు. వాన వస్తుందా, రాదా అన్నదే మన ఆత్రం. కానీ పని పెట్టుకోవలసింది ఆ రెండు ముక్కల మధ్య ఉన్న సందులోనే.

ఈ మబ్బు ఎక్కడిది?

ఎండాకాలంలో నేల కాగిపోయి, దాన్ని అంటుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. అప్పుడే బంగాళాఖాతం మీద నుంచి తేమ గాలి వచ్చి తోడైతే ఆ పైకి లేచే గాలి మబ్బుగా మారుతుంది. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు వైపు ద్రోణి ఏర్పడిందని రేడియోలో చెబుతుంటారు. ద్రోణి అంటే గాలులు రెండు వైపుల నుంచి వచ్చి కలుసుకునే పల్లం లాంటి చోటు. ఆ గీత వెంబడి మబ్బులు పైకి పైకి లేచి, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. క్యుములోనింబస్ మేఘాలంటే ఇవే. అంత ఎత్తున నీటి చుక్క గడ్డ కట్టి, లోపలి గాలికి కిందకీ పైకీ ఎగిరి, పొర మీద పొర పట్టి వడగళ్లవుతుంది. బరువు మోయలేనంత అయినప్పుడు కింద పడుతుంది. ఈదురుగాలి కూడా ఆ మబ్బులో నుంచి దిగిందే. వానతో పాటు చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా నేలకు దిగి, నాలుగు వైపులా చీల్చుకుపోతుంది. అందుకే ముందు చల్లగాలి, తరువాత వాన.

ఆ ద్రోణి బలహీనపడితే తేమ గాలి ఆగిపోతుంది. వాయవ్య దిక్కు నుంచి పొడి గాలి మొదలవుతుంది. అదే వడగాలి. బంగాళాఖాతంలో తుపాను పుట్టి మన వైపు రాకుండా బర్మా వైపో, బెంగాల్ వైపో పోయినా ఇదే జరుగుతుంది. మన దగ్గరి తేమనంతా అది లాక్కుపోతుంది, మనకు పొడి వేడి మిగులుతుంది. 2003 మే నెలలో తుపాను బర్మా వైపు పోయింది, ఆ వెనక మన రాష్ట్రంలో వడగాడ్పులకు మూడు వేల మందికి పైగా చనిపోయారు. మే నెల తుపాను మన మీదికే వస్తే ఎలా ఉంటుందో 1990 మే 9న కృష్ణా తీరం చూసింది. అది వేరే కథ, దాన్ని ఈ ఉరుముల వానతో కలపకూడదు. తుపానుకు రోజుల ముందు నుంచే హెచ్చరిక ఉంటుంది. ఉరుముల వానకు గంటా రెండు గంటలే గడువు.

"ఒకటి రెండు చోట్ల" అంటే మన ఊరా, పక్క ఊరా?

వాతావరణం వాళ్లు చెప్పారు, చుక్క కూడా పడలేదు అని రచ్చబండ దగ్గర నవ్వుకోవడం మామూలే. కానీ వాళ్ల మాటలకు ఒక లెక్క ఉంది, ఆ లెక్క తెలియక తిడుతున్నాం. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని. "కొన్ని చోట్ల" అంటే నాలుగో వంతు నుంచి సగం దాకా. "చాలా చోట్ల" అంటే సగం నుంచి ముప్పాతిక దాకా. "దాదాపు అన్ని చోట్లా" అంటే ఆ పైన. ఎండాకాలపు ఉరుముల వానకు ఎక్కువగా వాడేది మొదటి మాటే. అంటే పది ఊళ్లలో ఏ రెండింటికో. అది మన ఊరు కావచ్చు, కాకపోవచ్చు. అయితే మనదైతే ఏం పోతుందో అన్న లెక్క మటుకు ఎవరికి వారే వేసుకోవాలి. కళ్లంలో ముప్పై బస్తాల సరుకున్న వాడు ఒక్క పట్టా కప్పడానికి బద్ధకించి, పదింట ఎనిమిది ఊళ్లలో నేనుంటానులే అని పడుకోకూడదు.

రంగుల సంగతి కూడా. ఆకుపచ్చ అయితే భయం లేదు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని. గాలి గంటకు 30 నుంచి 40 కిలోమీటర్లు అంటే కొమ్మలు ఊగుతాయి. 50 నుంచి 60 అన్నారంటే మామిడి కాయ నిలవదు, అరటి తోట పడుకుంటుంది.

వడగాలి మాటకూ కొలత ఉంది. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు, సముద్ర తీరంలో 37 డిగ్రీలు దాటి, అది మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు. 45 దాటితే మామూలుతో పోలిక లేకుండానే వడగాలి, 47 దాటితే తీవ్ర వడగాలి. ఇంకో ముక్క గుర్తుంచుకోవాలి. ఆ డిగ్రీలు నీడలో, గాలి ఆడే చెక్కపెట్టెలో పెట్టిన థర్మామీటరు చూపించినవి. మిరప చేలో నడినెత్తిన ఎండ పడేవాడి ఒంటికి తగిలేది అంతకంటే చాలా ఎక్కువ.

వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్ మన రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చు. ఫోను ఉన్నవారు మేఘదూత్ యాప్‌లో చూసుకోవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఆ పని వాళ్లకప్పగించండి, ఎలాగూ ఫోను వాళ్ల చేతిలోనే ఉంటుంది.

మామిడికి ముందు రోజు, మర్నాడు

ఉరుముల వాన హెచ్చరిక వచ్చిందనగానే తోటంతా దులిపెయ్యాలని కొందరి తొందర. పక్వానికి రాని బంగినపల్లి కోస్తే పండదు, వడిలిపోతుంది. ఆ కాయ మార్కెట్లో మన పేరు కూడా చెడగొడుతుంది. తయారైన కాయను గుర్తుపట్టడం రైతుకు చెప్పక్కర్లేదు గానీ, ఈ మధ్య కోతకు వచ్చే కుర్ర కూలీలకు చెప్పాల్సి వస్తోంది. తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి తొడిమ కాస్త గుంటలో పడినట్టుంటుంది. తోలు మీద చుక్కలు స్పష్టంగా కనపడతాయి. అనుమానమైతే నాలుగు కాయలు బక్కెట్ నీళ్లలో వేసి చూడండి. మునిగితే తయారైనట్టు, తేలితే ఇంకా ఆగాలి.

తయారైన కాయ ఉన్న చెట్లను ముందు రోజే, అందులోనూ తోటకు పడమటి వైపు, గట్టు మీద, ఎత్తున ఉన్న చెట్లను ముందు కోయించుకోవాలి. గాలి దెబ్బ మొదట తగిలేది వాటికే. చిక్కంతో, సెంటీమీటరు తొడిమ ఉంచి కోయాలి. తొడిమ ఊడితే సొన కారి కాయ మీద నల్లటి చారలు పడతాయి. నున్న మార్కెట్లో ఆ చారకే ధర తెగ్గోస్తారు.

వాన పడిన రోజున, తడి కాయ మీద కోత వద్దు. ఒక రోజు ఆరనివ్వాలి. ఇక రాలిన కాయ. పగిలినవి, నలిగినవి, మచ్చ పడనివి వేరు వేరుగా ఏరాలి. బాగున్నాయి కదా అని రాలిన కాయను కోసిన కాయలో కలిపారా, రెండు రోజుల్లో లోపల నల్లబడి మొత్తం పెట్టెలు కుళ్లుతాయి. ఈ పని తెలిసీ చేసేవాళ్లున్నారు. కొన్నవాడు రెండోసారి ఆ తోట గడప తొక్కడు.

రాలి పగిలిన కాయను చెట్ల కిందే వదిలేస్తే ఇంకో ప్రమాదం. పండు ఈగ. దాని పురుగు కాయలో పెరిగి నేలలో దిగి కోశస్థ దశలో ఉంటుంది. వానకు నేల మెత్తబడగానే ఈగలు బిలబిలా బయటికొస్తాయి. అందుకే వాన పడిన వారానికి ఇప్పటిదాకా బాగున్న కాయలో కూడా పురుగు అంటారు రైతులు. రాలిన కాయను ఏరి గోతిలో పూడ్చడం, చెట్ల కింద పైపైన దున్నడం, మిథైల్ యూజినాల్ ఎరలు ఎకరానికి నాలుగు నుంచి ఆరు కట్టడం, ఈ మూడూ వాన వెలిసిన రెండు రోజుల్లోనే జరగాలి. కోతకు వచ్చిన కాయ మీద మందు కొట్టడం మంచిది కాదు, తినేది మన పిల్లలే.

తరువాత వచ్చే ఎండ మామిడికి రెండు దెబ్బలు కొడుతుంది. ఒకటి, ఎండ నేరుగా పడే వైపు కాయ తోలు ఉడికినట్టు తెల్లబారుతుంది. రెండోది మార్కెట్ దెబ్బ. ఎండ ముదిరితే అన్ని తోటల్లో కాయ ఒకేసారి తయారవుతుంది. లారీలన్నీ ఒకే వారం వరస కడతాయి, ధర దిగుతుంది. దీనికి మందు లేదు. చిన్న రైతు తన కాయను రెండు మూడు కోతలుగా చేసుకోవడం, పక్క రైతుతో కలిసి ఒకే బండి కట్టుకోవడం, అంతే. తోట ఎండిపోతోందని ఒకేసారి నిండా నీళ్లు కడితే కాయలు పగులుతాయి, రాలతాయి. ఇంకా కోతకు రెండు మూడు వారాలున్న తోటకు పలచగా, సాయంత్రం పూట తడి ఇవ్వాలి. కోతకు దగ్గరపడితే అసలు వద్దు.

పూత మీదే తోటను కౌలుకు తీసుకున్నవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. డబ్బు ముందే కట్టేశారు, గాలికి పోయింది వాళ్లదే. కౌలు కాగితం మీద గాలివాన నష్టం ఎవరిదో ఒక్క వరస రాసుకోండని ఎన్నిసార్లు చెప్పినా, నోటి మాట మీదే నడుస్తోంది.

కళ్లం మీద

దాళ్వా వరి వేసిన చోట్ల మే నెల అంటే కోతలు, నూర్పిళ్లు. మిషనుతో కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే తీసుకోరు. ఎండబెట్టడానికి రోడ్డు మీద పోస్తాం, సాయంత్రానికి మబ్బు. 2023లో ఏప్రిల్ చివర, మే మొదట్లో పడిన వానలకు వరి, మొక్కజొన్న రైతులు ఎంత ఏడ్చారో ఇంకా మరిచిపోలేదు.

మబ్బు కోసం చూడొద్దు. ఈ రోజుల్లో మధ్యాహ్నం మూడింటికే ధాన్యం రాశి చేసి, పట్టా కప్పి, చుట్టూ చిన్న కాలవ తీయడం అలవాటుగా పెట్టుకోవాలి. వాన వెలిశాక పట్టా అలాగే ఉంచి, పొద్దున ఎండెక్కే దాకా నిద్రపోతే, లోపల ఆవిరి పట్టి ధాన్యం వేడెక్కుతుంది, రంగు మారుతుంది. తెల్లవారగానే తీసేయాలి. ధాన్యం తడిసి, ఆరబెట్టే వీలు లేకపోతే క్వింటాలుకు ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచితే మొలక రాదు. కోయని చేను పడిపోయి వెన్నులు తడిస్తే, నీళ్లు తీసేసి, లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపిన నీటిని వెన్నుల మీద కొట్టాలి. ఎకరానికి 200 లీటర్లు పడుతుంది. ఉప్పు అనగానే కొందరు వింతగా చూస్తారు గానీ, మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు చెప్పేది ఇదే.

మూడో రోజు ఎండ కాసిందని సంబరపడి ధాన్యాన్ని పలచగా మండుటెండలో పరిచినా నష్టమే. గింజ ఒక్కసారిగా ఆరి లోపల పగులుతుంది, మిల్లులో నూక ఎక్కువవుతుంది. కాస్త మందంగా పరిచి, గంటకోసారి కాలితో తిరగేస్తూ ఉండాలి.

మొక్కజొన్న కండెలు తడిస్తే కుప్ప వేయొద్దు. బూజు పట్టిన గింజ కోళ్లకూ గొడ్లకూ పనికిరాదు, అందులో విషం పుడుతుంది. మిరప కళ్లాలు ఈ పాటికి చాలావరకు ఎత్తేసి ఉంటారు. ఇంకా ఆఖరి కోత ఆరబెట్టుకుంటున్నవారు పట్టాలు దగ్గర పెట్టుకోండి. తడిసిన కాయ తాలులో కలిసిపోతుంది, ధర సగానికి సగం పోతుంది.

చెట్టు కిందకు పోవద్దు

మా చిన్నాన్న పోయింది ఇలాగే. 1996 మే నెల. నువ్వు చేలో కట్టలు కడుతుంటే ఉరిమింది. నాలుగు చినుకులు పడగానే గట్టు మీది చింతచెట్టు కిందకు పరుగెత్తాడు. వాళ్ల అబ్బాయి పట్టా తెస్తానని ఇంటి వైపు పరుగెత్తాడు. పట్టా తెచ్చేసరికి తండ్రి లేడు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, ఒక పక్క బెరడు పై నుంచి కింద దాకా చీలిపోయి. వానొస్తే ఇప్పటికీ జనం దాని కిందే నిలబడతారు. నేను ఊరెళ్లినప్పుడల్లా వాళ్లతో తగువే.

2018 ఏప్రిల్ 24న ఒక్క రోజు, పదమూడు గంటల్లో, మన రాష్ట్రంలో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. పిడుగు ఎత్తైన దాన్ని వెతుక్కుంటుంది. పొలంలో ఒంటరి చెట్టు, కరెంటు స్తంభం, చదును చేలో నిలబడిన మనిషి. చెట్టు మీద పడిన పిడుగు వేళ్ల వెంట నేలలో పాకుతుంది, పక్కన ఉన్న మనిషి మీదికి దూకుతుంది. చెట్టు కింద కట్టేసిన గేదెలు ఒకేసారి నాలుగైదు పోవడానికి కారణం ఇదే. వాటి ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, నేల మీద పాకిన కరెంటు ఒక కాలిలో ఎక్కి ఇంకో కాలిలో దిగుతుంది, గుండె మీదుగా.

మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టండి. ఉరుము వినబడేసరికి మూడు అంకెలైతే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు, తొమ్మిదైతే మూడు కిలోమీటర్లు. ముప్పై అంకెల లోపు ఉరుము వినిపిస్తే ఇక పొలంలో ఉండకూడదు. పక్కా ఇల్లు, బడి, తలుపులు మూసిన కారు, బస్సు, ఇవి మంచివి. నాలుగు రాటల మీద రేకు వేసిన పాక, ట్రాక్టరు సీటు, మోటారు సైకిలు, ఇవి నీడే గానీ రక్షణ కాదు. ఆఖరి ఉరుము విన్నాక అర గంట ఆగి బయటికి రావాలి. ఏ దారీ లేకపోతే చెట్లకూ, తీగలకూ దూరంగా, పల్లంలో, రెండు కాళ్లు దగ్గర పెట్టి గొంతుకూర్చోవాలి, తల వంచుకుని. పడుకోకూడదు. పార, గునపం, గొడుగు పక్కన పారేయాలి. గుంపుగా ఉంటే విడివిడిగా జరగాలి. మోటారు స్టార్టరు ముట్టుకోవద్దు. కట్టిన గొడ్లను చెట్టు కింద నుంచీ, ముళ్ల తీగ కంచె పక్క నుంచీ తప్పించాలి.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుతుందని జనం దూరంగా నిలబడతారు. అది తప్పు. ఆ ఒంట్లో కరెంటు ఉండదు. ఊపిరి, గుండె ఆగితే వెంటనే రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి, 108కి ఫోను చేయాలి. అలా బతికినవాళ్లున్నారు. దామిని అని పుణె వారు తయారు చేసిన యాప్ ఒకటి ఉంది. మనం ఉన్న చోటుకు 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పడుతున్న పిడుగుల్ని చూపి హెచ్చరిస్తుంది. గొర్రెల కాపర్ల దగ్గర ఫోను ఉంటే తప్పకుండా ఎక్కించి ఇవ్వండి.

గాలివాన వెలిశాక తెగిపడిన తీగ కనిపిస్తే చచ్చిన తీగే అనుకోవద్దు. 1912కి చెప్పి, వాళ్లొచ్చేదాకా అటు ఎవరినీ పోనివ్వొద్దు.

తడి చూసి విత్తనం వేయకండి

సొంత తప్పు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. 2012లో మే చివరి వారం, మా రెండెకరాల నల్లరేగడిలో రాత్రి మంచి జల్లు పడింది. పొద్దున్నే మట్టి వాసనకు మనసాగలేదు. రోహిణిలో వేస్తే మొదటి పత్తి మనదే అని నాలుగు ప్యాకెట్ల గింజలు పెట్టించాను. నాలుగో రోజు మొలక కనిపించింది. ఎనిమిదో రోజుకి ఎండకు మాడి మొదళ్ల దగ్గర తాడులా వడిలిపోయింది. మళ్లీ నాలుగు ప్యాకెట్లు, మళ్లీ కూలి.

ఎండాకాలపు జల్లు పైపై తడి. కిందంతా కాగి ఉంటుంది. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోతుగా తడిశాకే పత్తి.

ఆ తడికి మరో పని ఉంది. దుక్కి. నేల పదునులో ఉన్న ఆ రెండు రోజుల్లో వాలుకు అడ్డంగా లోతుగా దున్నితే, నేలలో దాక్కున్న పురుగుల కోశాలు, తుంగ గడ్డలు పైకొస్తాయి. ఆ వెనక వచ్చే ఎండ వాటిని మాడ్చేస్తుంది, కొంగలు కొన్ని తినేస్తాయి. వాన పదునిచ్చింది, ఎండ మందు కొట్టింది, మనకు డీజిలు ఖర్చు ఒక్కటే. ఈ రెండూ వరసగా రావడం రైతుకు కలిసొచ్చే పని ఏదైనా ఉందంటే ఇదే. బోరు నీళ్ల ఆసరా ఉన్నవారు జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట కూడా ఈ పదునులో చల్లుకోవచ్చు. ఎండకు ఒక తడి ఇవ్వగలగాలి, లేకపోతే వద్దు.

గొడ్లున్న ఇళ్లకు ఒక మాట. కోసేసిన జొన్న మోళ్లు ఈ జల్లుకు పిలకలు వేస్తాయి. పచ్చగా కనిపించాయని తోలారంటే నాము తగులుతుంది. నురగ కక్కి, ఊపిరాడక, గంటలో పడిపోతుంది. బెట్టకు గురైన లేత జొన్నలో విషం ఎక్కువ. పూత దశకు వచ్చేదాకా మేపొద్దు. గొర్రెలు కూడా కొత్తగా మొలిచిన లేత గడ్డి ఆబగా మేస్తే చిటుకు రోగం వస్తుంది, టీకా ముందే వేయించాలి. గేదెలకు గురకవ్యాధి టీకా కూడా వానలు పడకముందు, ఈ నెలలోనే.

ఎండలో మనిషి

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకు పైగా జనం వడదెబ్బకు పోయారు. ఎక్కువమంది మనలాంటివాళ్లే. ఉపాధి పనికి పోయినవాళ్లు, పొలం పనివాళ్లు, గొడ్ల కాపర్లు, ముసలివాళ్లు. వాన పడి వెలిసిన మొదటి ఒకటి రెండు రోజుల ఎండ మరీ ప్రమాదం. నేలలో తడి ఆవిరై గాలిలో నిండి ఉంటుంది. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. డిగ్రీలు తక్కువే చూపించినా మనిషి కూలబడతాడు.

పని తెల్లవారుజామున అయిదింటికి మొదలెట్టి పదిన్నరకు ఆపాలి, మళ్లీ సాయంత్రం నాలుగు తరువాతే. కూలీకి ఎనిమిది గంటలు చేయించుకోవాలన్న పట్టుదల ఈ పదిహేను రోజులు వదులుకోండి. పలచటి మజ్జిగలో ఉప్పు, గంజి, తరవాణి, ఓఆర్ఎస్ పొట్లం, ఏదైనా సరే, దాహం వేయకముందే తాగుతుండాలి. మందు కొట్టే పని ఎండలో అసలు పెట్టుకోకూడదు. చెమట పట్టిన తోలులోంచి మందు తొందరగా లోపలికి పోతుంది. చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే వడదెబ్బే. నీడకు చేర్చి, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి, విసురుతూ 108కి చెప్పాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

గేదెలకు మధ్యాహ్నం చెరువు లేకపోతే గోనె సంచి తడిపి వీపు మీద కప్పండి.

నష్టం రాయించుకునేటప్పుడు

గాలివానకు పంట పోయిందని ఊరంతా అంటారు, జాబితా వచ్చేసరికి సగం పేర్లుండవు. 33 శాతం పైగా నష్టమైతేనే పెట్టుబడి రాయితీకి లెక్కలోకి తీసుకుంటారు. అది కూడా ఈ-క్రాపులో పేరుంటేనే. కౌలు రైతులు ఈ ముక్క దగ్గరే దెబ్బ తింటున్నారు. పంట వేసినప్పుడే తమ పేరు నమోదైందో లేదో చూసుకోవాలి, ఇప్పుడు అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. పడిపోయిన చేను, రాలిన కాయ ఉన్నది ఉన్నట్టుగా, గట్టూ చెట్టూ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకుని, అప్పుడు శుభ్రం చేసుకోండి. పంటల బీమా కట్టినవారు వడగళ్ల నష్టం గానీ, కోసి పనల మీద ఆరబెట్టిన పంట నష్టం గానీ 72 గంటల్లోగా తెలియజేయాలి. కోసిన పంటకు పద్నాలుగు రోజుల దాకా ఆ వీలుంది. నంబరు 14447.

పిడుగుకు మనిషి గానీ, గొడ్డు గానీ పోతే, దుఃఖంలో ఉండి, పొద్దు గూకేలోగా దహనం చేసేస్తున్నారు. మనిషికి పోస్టుమార్టం, గొడ్డుకు పశువైద్యుడి ధ్రువపత్రం లేకపోతే సహాయం రాదు. మా పిన్నికి రాలేదు. ముందు తహసీల్దారు ఆఫీసుకు, పోలీసుకు కబురు పెట్టాలి. 1070 గానీ, 112 గానీ ఎప్పుడైనా పలుకుతాయి.